నాంచారమ్మ పెద్దమ్మ చెప్పిన అంకె

పన్నెండేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. అంకెకు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట్లో నవ్వి ఊరుకుందామనే చూశాను. కుదరలేదు. బోర్డు ముందు నిలబడి మార్కర్ మూత తీసినప్పుడల్లా అది గుర్తుకొస్తుంది, చెయ్యి కొంచెం ఆగుతుంది. పిల్లలు నేను ఆలోచిస్తున్నానని అనుకుంటారు.

నా పేరు చెప్పను. చెబితే మా నాన్న ఎవరో తెలిసిపోతుంది, ఆయనకు ఇందులో పాపం లేదు. బందరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. కోపిష్టిదాన్నని పిల్లల్లో పేరు. హోంవర్కు ఒకరిది ఒకరు చూసి రాసుకొస్తే ఇట్టే పట్టేస్తాను, పట్టుకున్నాక నిజాయితీ గురించి పావుగంట ఉపన్యాసం ఇస్తాను. ఆ ఉపన్యాసం ఎవరు ఇస్తున్నారో వాళ్ళకు తెలియదు. మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఏటా ఒక రోజు రాండమ్ నంబర్ల పాఠం వస్తుంది. నిజం చెప్పాలంటే కంప్యూటర్‌కు నోటికొచ్చిన అంకె చెప్పడం చేతకాదు. చెప్పిన పని తప్ప ఇంకోటి తెలియని మనిషి లాంటిది. అందుకని మొదట ఒక అంకెను మనమే దాని చేతిలో పెట్టాలి. దాన్ని సీడ్ అంటారు, అంటే విత్తనం. ఆ విత్తనాన్ని అది గుణించి, భాగించి, శేషం తీసి, ఆ శేషాన్ని మళ్ళీ గుణించి, ఎవరికీ అంతుపట్టనట్టు కనిపించే అంకెల వరస ఒకటి తయారుచేస్తుంది. కనిపించే అన్నాను, గమనించండి. అదే విత్తనం మళ్ళీ ఇస్తే అదే వరస మళ్ళీ వస్తుంది, ఒక్క అంకె కూడా మారదు. నేను చదివిన రోజుల్లో సీ భాషలో రాసేవాళ్ళం, ఇప్పుడు పైథాన్ చెబుతున్నాను. ఏ భాషయినా సంగతి ఇదే.

ఏటా ఎవరో ఒకరు లేస్తారు. ఏ విత్తనానికి ఏ వరస వస్తుందో ముందే చూసుకుని ఇస్తే అది మోసం కదా మేడం అని అడుగుతారు. అవును, మోసమే, కూర్చో అంటాను. గొంతు మామూలుగానే ఉంటుంది. అలవాటైపోయింది.

మాది దివిసీమలో, సముద్రానికి దగ్గరగా, ఉప్పునీటి పాయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పాయలో సరుగుడు గుంజలు పాతి వాటికి వల కడతారు. ఆటుపోట్లకు నీరు వచ్చి పోతున్నప్పుడు చేపలూ రొయ్యలూ వలలో పడతాయి. వల కట్టడానికి వీలైన చోట్లు పదిహేడు, వేటకు వెళ్ళే కుటుంబాలూ పదిహేడు. ఏ చోటూ ఎవరి సొంతమూ కాదు. ఏటా చీటీలు వేసి పంచుకుంటారు. మొదటి చోటు రేవును ఆనుకుని ఉంటుంది, నడుచుకుంటూ వెళ్ళి వల చూసుకుని రావచ్చు. పదిహేడోది మొగ దగ్గర, పాయ సముద్రంలో కలిసే చోట. అక్కడ నీరు మనిషిని నిలవనివ్వదు. ఆ చోటు వచ్చినవాళ్ళు ఆ ఏడాది పళ్ళ బిగువున గడిపి వచ్చే ఏటి చీటీ కోసం ఎదురుచూస్తారు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. చీటీకి చుట్టాలు లేరు కదా.

ఆ చీటీలు తీసేది నాంచారమ్మ పెద్దమ్మ. రక్తసంబంధం లేదు, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పొట్టి మనిషి. నోట్లో ఎప్పుడూ తాంబూలం. ఆమె చెయ్యి మంచిదనీ నోరు మంచిదనీ ఊరంతటికీ నమ్మకం. కొత్త వలకు మొదటి ముడి ఆమె వేయాలి. పుట్టిన బిడ్డను పేరు పెట్టి మొదట ఆమె పిలవాలి. నన్నూ ఆమే పిలిచిందట. నేను బడిలో ఫస్టు వచ్చినప్పుడల్లా నా నోటి చలవేనే అని నా బుగ్గ గిల్లేది, నా కష్టమేమీ లేనట్టు. నాకు ఉడుకుమోత్తనం. ఆమెకు నవ్వు.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఏడుకొండలు. నేను అన్నయ్యా అనేదాన్ని. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. ఊళ్ళో ఎవరి గుంజ ఒరిగినా అన్నయ్య వెళ్ళి నిలబెట్టి వచ్చేవాడు.

నేను గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నప్పుడు ఊళ్ళో చీటీల మీద గొడవ వచ్చింది. ఒక చీటీ మడత గట్టిగా ఉందని ఒకరు, ఇంకో చీటీ తడిగా ఉందని ఒకరు. పెద్దమ్మను ఎవరూ ఏమీ అనలేదు, చీటీలు మడిచినవాళ్ళను అన్నారు. బావా బామ్మర్దులు ఇద్దరు మాటలు మానేశారు. చివరికి పెద్దలందరూ కూర్చుని, మన పిల్ల కంప్యూటర్ చదువుతోంది కదా, ఆ పెట్టె చేతే వేయిద్దాం, దానికి మనలో ఎవరూ తెలియదు అని తీర్మానించారు. నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక్క షరతు మాత్రం పెట్టారు. ఎన్నో ఏళ్ళుగా పెద్దమ్మ చేతి మీదుగా జరుగుతున్న పని, ఆ ఆనవాయితీ తప్పకూడదు. ఆమె ఒక అంకె చెప్పాలి, ఆ అంకెతోనే పెట్టె చీటీలు వేయాలి.

ఎంత చక్కటి ఆలోచనో చూడండి. విత్తనం అన్న మాట తెలియకుండానే విత్తనం ఎవరు వేయాలో వాళ్ళు తేల్చేశారు. ఊళ్ళో అందరూ నమ్మే మనిషి, అందరి ముందూ, నోటితో చెప్పాలి. ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు ఈ రోజుకీ తెలియదు.

మొదట నిజాయితీగానే రాశాను. పదిహేడు పేర్లు, ఒక అంకె అడగడం, ఆ అంకెను విత్తనంగా తీసుకుని పేర్లను కలిపేయడం. మొదటిసారి విత్తనం వేసే లైను రాయడం మరిచిపోయి, ఎన్నిసార్లు నడిపినా పేర్లు అదే వరసలో వస్తుంటే నా లాప్‌టాప్ చెడిపోయిందని కంగారుపడ్డాను. అంత తెలివి నాది. తర్వాత లైబ్రరీ పుస్తకంలో చూసి ఆ లైను చేర్చాను. ఇప్పుడు అంకె మారితే వరస మారుతోంది. అంకె మార్చకపోతే మారడం లేదు. అక్కడే నా బుద్ధి వంకర తిరిగింది.

ఆ వేసవిలో నాన్న కాలికి టేకు చేప ముల్లు దిగింది. మామూలు ముల్లు కాదు, విషం. మడమ నుంచి మోకాలి దాకా వాచి, చీము పట్టి, నెలన్నర మంచం మీద ఉన్నాడు. మానుతోంది గానీ ఇంకా కుంటుతూనే ఉన్నాడు. లోతు నీళ్ళలోకి ఈ ఏడాది దిగొద్దని బందరు డాక్టరు చెప్పాడు. నాన్న వినడు. చీటీలో పదో పదకొండో వస్తే ఆ కాలితోనే పడవ గెడ వేసుకుంటూ వెళ్తాడు. వెళ్ళి ఏమవుతాడు? మొదటి చోటు వస్తే చాలు. నడిచి వెళ్ళి రావచ్చు. ఒక్క ఏడాది.

అడిగితే ఇచ్చేవారేమో. ఈ మాట రాయడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. పెద్దల దగ్గరకు వెళ్ళి, నాన్న కాలు బాగాలేదు, ఈ ఒక్క ఏడాదికి మొదటి చోటు మాకు వదిలేయండి అని అడిగితే, మా ఊరి మనుషులు కాదనేవాళ్ళు కాదు. నాన్న తనంతట తాను అడగడు, పరువు. నేను అడగవచ్చు కదా? అమ్మ చేత అడిగించవచ్చు కదా? ఆ ఆలోచనే రాలేదంటే నమ్ముతారా? వచ్చింది. అడగడం కంటే ఒక లైను మార్చడం సులువనిపించింది. అంతే.

హాస్టల్ గదిలో మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాను. తోటి అమ్మాయిలు సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఒకటి ఇస్తే నాన్న పన్నెండు. రెండు ఇస్తే ఆరు. మూడు, నాలుగు, అయిదు. ఇంత చిన్న పని ఇంత తేలికగా అయిపోతుందని అనుకోలేదు. పంతొమ్మిది దగ్గర నాన్న పేరు అన్నిటికంటే పైన నిలబడింది.

పదిహేడో పేరు చూశాను. చూడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చూశాను. ఏడుకొండలు. ఇంకో నాలుగు అంకెలు వేసి ఉంటే నాన్న పేరు పైనా వేరే పేరు కిందా వచ్చే వరస ఇంకోటి దొరికేదేమో. వేరే పేరయితే మాత్రం న్యాయమా? కాదు. అయినా వెతకలేదు. అన్నయ్య బలమైనవాడు, మొగ దగ్గరయినా నెగ్గుకొస్తాడు అనుకున్నాను. ఒకరి బలం చూసి వాళ్ళ నెత్తిన బరువు పెట్టే హక్కు నాకెవరిచ్చారని ఆ రోజు అడుక్కోలేదు.

తర్వాత చేసింది ఇంకా సులువు. అంకె అడిగే లైను అలాగే ఉంచాను. తెర మీద అంకె చెప్పండి అని వస్తుంది, ఏది కొట్టినా తీసుకుంటుంది. తీసుకుని ఊరికే పక్కన పెడుతుంది. విత్తనం మాత్రం పంతొమ్మిదే.

చీటీల రోజు పొద్దున్నే వలల పాకలో అందరూ చేరారు. బోర్లించిన చేపల పెట్టె మీద లాప్‌టాప్ పెట్టాను. పిల్లా పెద్దా నా వెనక మూగారు. పెద్దమ్మ తలస్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. పెళ్ళికొచ్చినట్టొచ్చావేంటి అని ఎవరో ఆటపట్టించారు. తాంబూలం ఉమ్మేసి, నోరు కడుక్కుని, నా పక్కన నిలబడింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏడు అంది.

నేను ఏడు కొట్టాను. ఆమె కళ్ళ ముందే కొట్టాను. పేర్లు వచ్చాయి. పైన నాన్న పేరు, అట్టడుగున ఆమె కొడుకు పేరు.

ఒకాయన నవ్వుతూనే అన్నాడు, పెట్టె అమ్మాయిది, మొదటి చోటు అమ్మాయి నాన్నది, బాగుంది అని. నేను ఏమీ అనకముందే పెద్దమ్మ అతని మీద విరుచుకుపడింది. అంకె చెప్పింది నేను, పిల్ల మీట నొక్కింది, అనేదేదో నన్ను అను అంది. అతను తలదించుకున్నాడు. అన్నయ్య నవ్వి, ఈ ఏడు నా వంతు అంటూ గుంజలు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో నా మీద మళ్ళీ ఎవరికీ అనుమానం రాలేదు. రాకుండా ఆమె అడ్డం నిలబడింది. ఎవరికి అడ్డం నిలబడుతోందో ఆమెకు తెలియదు.

నాన్న కాలు ఆ ఏడాదిలో పూర్తిగా మానింది. ఈ రోజుకీ చక్కగా నడుస్తున్నాడు. ఆయన నడక చూసినప్పుడు సంతోషం వేయదా అంటే వేస్తుంది. అదే నా కష్టం. నేను చేసిన పని మొత్తంగా చెడ్డదయి ఉంటే దాన్ని అసహ్యించుకోవడం తేలికయ్యేది.

ఆ వానాకాలం కృష్ణకు వరద వచ్చింది. పాయలో నీళ్ళు ఎర్రబడి సుళ్ళు తిరిగాయి. పై నుంచి కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు ఒకటి మొగ దగ్గర అన్నయ్య వలలో చిక్కుకుంది. వల దక్కించుకుందామని తాడు విప్పబోయాడు. నీటి లాగుడుకు తాడు బిగిసి, కుడిచేతి రెండు వేళ్ళు తాడుకూ గుంజకూ మధ్య నలిగిపోయాయి. ఆసుపత్రిలో తీసేశారు.

ఆ చేత్తో వల ముడి పడదు. గెడ పట్టు చాలదు. కొన్నాళ్ళు చూసి తల్లీ కొడుకూ ఊరు వదిలేసి బందరు వచ్చారు. గిలకలదిండి హార్బర్లో పడవలకు ఐస్ ఎత్తే పనిలో అన్నయ్య కుదిరాడు. దగ్గర్లోనే ఒక గదిలో ఉంటున్నారు. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని వలల చిరుగులు అల్లేది. ఊళ్ళో ఆ తర్వాతి ఏడాది నుంచి నేను ఆ లైను తీసేశాను. అప్పటినుంచి ఆ ప్రోగ్రాం ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. దొంగ ఒక్కసారి దొంగతనం చేసి ఆ తర్వాత కాపలా కాస్తానంటే మీరేమంటారు?

నాకు ఉద్యోగం బందరులోనే వచ్చింది, పెళ్ళయింది. పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున పాపను ఎత్తుకుని గిలకలదిండి వెళ్ళాను. మా ఇంట్లో పిల్లలెవరినయినా మొదట పెద్దమ్మ పిలవాల్సిందే అని అమ్మ పట్టు. నాకూ అదే కావాలి. ఎందుకు కావాలో ఇప్పుడు తెలుస్తోంది. ఆమె నోటితో నా బిడ్డను పిలిస్తే, అంతా మామూలుగానే ఉన్నట్టు లెక్క.

ఆమె పాపను చూసి మురిసిపోయింది. ఒళ్ళోకి తీసుకుని, అరికాళ్ళు ముద్దుపెట్టుకుని, కళ్ళు నీ అమ్మమ్మవే అంది. పేరు పెట్టి పిలవమన్నాను. పాపను నా చేతుల్లో పెట్టేసింది. తర్వాత, గది లోపల ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అంది.

"నా నోరు మంచిది కాదమ్మా. ఆ రోజు అంకె చెప్పమన్నారు కదా. నేను మావోడి పేరు తలుచుకునే ఏడన్నాను. ఊరందరికీ పెద్దదాన్నని నిలబెడితే కన్నకొడుకు కోసం ఆశపడ్డానే. ఆ ఆశే వాడి వేళ్ళు తినేసింది. ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా. ఈ నోటితో నీ బిడ్డను పిలవను."

విన్నారా? తనవాడి కోసం పక్షపాతం చూపించానని ఆమె నా దగ్గర ఒప్పుకుంది. నా దగ్గర. తనవాడి కోసం పక్షపాతం చూపించిన మనిషి ఎదురుగా కూర్చుని పాలసీసా మూత బిగించుకుంటోంది. ఆమె చేసిందల్లా మనసులో కొడుకును తలుచుకోవడం. ఏ తల్లి తలుచుకోదు? అప్పుడు ఒక్క మాట చెప్పాల్సింది. పెద్దమ్మా, ఆ అంకె నీది కాదు అని. నోటి దాకా వచ్చింది. పాప ఏడ్చింది, సముదాయించాను, ఆ సందులో మాట లోపలికి పోయింది. పాప మీదకు నెట్టడం కూడా అబద్ధమే. పాప ఏడవకపోయినా నేను చెప్పేదాన్ని కాదు.

అప్పటినుంచి ఆమె ఎవరి బిడ్డనూ పిలవలేదని, హార్బర్లో కొత్త వల తెచ్చి మొదటి ముడి వేయమంటే చేతులు వెనక్కి పెట్టుకుందని వింటూ వచ్చాను. వేళ్ళు పోగొట్టిన పాపం ఒకటి. ఇది దానికంటే పెద్దది. ఒక మనిషికి తన నోటి మీద తనకున్న నమ్మకాన్ని తీసేశాను. తీసినదాన్ని తిరిగి ఇచ్చేయడానికి నా దగ్గర నిజం ఉంది. ఒక్క వాక్యం. దాన్ని చెప్పకుండా అయిదేళ్ళు ఏం చేశాను? పండగలకు చీర పెట్టాను. దగ్గొస్తే మందు తీసుకెళ్ళాను. ఎంత మంచి పిల్లవే అని ఆమె తల నిమురుతుంటే నిమిరించుకున్నాను.

మొన్న రాండమ్ పాఠం అయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి పాత లాప్‌టాప్ బీరువాలోంచి తీశాను. అందులో రెండు ఫైళ్ళూ ఉన్నాయి, నిజాయితీది, దొంగది. ఎందుకు చెరిపేయలేదో నాకు తెలియదు. నిజాయితీ ఫైలు తెరిచి, ఇన్నేళ్ళూ చేయడానికి భయపడిన పని చేశాను. ఏడు కొట్టాను.

ఏం రావాలని కోరుకున్నానో దాచను. ఏడు కొట్టినా అన్నయ్యకు పదిహేడే రావాలని. అలా వస్తే నేను చేసిన దానికీ చేయని దానికీ తేడా లేదని నాకు నేను చెప్పుకోవచ్చు.

అన్నయ్య పేరు రెండోది. నాన్న పేరు పదమూడోది.

లెక్కల ప్రకారం ఇందులో ఏమీ లేదు. ఏడుకు ఆ తల్లి ప్రేమ తెలియదు, ఎనిమిది కొడితే ఇంకేదో వచ్చేది. పిల్లలకు నేను చెప్పేదీ అదే. కానీ తెర ముందు కూర్చున్నది టీచరు కాదు. ఆమె నోరు ఆ రోజు కూడా మంచిదే. దాన్ని మధ్యలో ఆపింది నేను.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిలకలదిండి వెళ్ళాను. అన్నయ్య పనిలో ఉన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో వల ముందేసుకుని కూర్చుంది, చూపు తగ్గింది, వేళ్ళతో తడిమి చిరుగు వెతుకుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. మొదట గజిబిజిగా చెప్పాను, విత్తనం అనీ వరస అనీ. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు మామూలుగా చెప్పాను. నాన్న కాలి కోసం, ఎవరికి ఏ చోటు రావాలో నేను ముందే పెట్టుకుని వచ్చాననీ, చివరి పేరు కూడా చూశాననీ.

ఆమె చేతులు వల మీద ఆగిపోయాయి.

"అయితే నేను ఏడన్నది అది ఇనలేదా?"

"లేదు పెద్దమ్మా."

"అసలే ఇనలేదా?"

"లేదు."

నేను అనుకున్నదేమిటంటే, ఆమె గుండెల మీది రాయి దిగుతుందని. పన్నెండేళ్ళ పాపం తనది కాదని తెలిసి ఏడుస్తుందని, ఆ ఏడుపులో నన్ను తిట్టినా పడదామని. ఆమె ఏడవలేదు. తలెత్తి నా గొంతు వచ్చిన వైపు చూసింది.

"అంతమందిలో నన్ను నిలబెట్టి, నా చేత ఉత్త మాట చెప్పించావా?"

ఈ మాట నేను ఊహించలేదు. ఆమె మీదినుంచి ఒక తప్పు తీసేస్తున్నానని వెళ్ళాను. తలంటుకుని, మంచి చీర కట్టుకుని, నోరు కడుక్కుని వచ్చి చెప్పిన మాటను ఊరి ముందు ఆటబొమ్మను చేశానని నాకు తట్టనేలేదు. కంగారులో రెండో సంగతి కూడా చెప్పేశాను. నీ ఏడుతోనే వేసి ఉంటే అన్నయ్యకు రెండో చోటు వచ్చేది, నీ నోరు మంచిదే పెద్దమ్మా అన్నాను. ఆమెను ఓదార్చడానికి అన్నానా, నన్ను నేను ఓదార్చుకోవడానికి అన్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"రెండోదా," అంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, ఆ చోటు కళ్ళ ముందు కనిపిస్తున్నట్టు, "అక్కడ నీళ్ళు మెత్తగా ఉంటాయి. గుంజ కదలదు" అంది. ఆ తర్వాత ఏమనుకుందో నాకు తెలుసు, ఆమె అనలేదు. అన్నయ్య రెండు చేతులూ నిండుగా ఉన్న పన్నెండేళ్ళు ఆమె ముందు నేనే పరిచి వచ్చాను.

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది, కోపంగా కాదు, చలికి ముడుచుకున్నట్టు.

"మావోడికి నేను చెప్పుకుంటాను. నువ్వు చెప్పకు. ఇక ఇంటికి ఎల్లమ్మా."

అంతే. తిట్టలేదు. క్షమించాననలేదు. ఆ తర్వాత నన్ను రమ్మని కబురు పెట్టలేదు, వెళ్ళే ముఖం నాకు లేదు. అన్నయ్యకు చెప్పిందో లేదో తెలియదు. ఆమె మళ్ళీ ఏ బిడ్డనయినా పిలిచిందా, ఏ వలకయినా ముడి వేసిందా అన్నదీ తెలియదు. తెలుసుకోవాలని ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే మంచి వార్త వినాలని అడిగినట్టవుతుంది, ఆ వార్తకు నేను తగను. నాన్నకు ఇంకా చెప్పలేదు. చెబుతాను.

ఇంకొక్కటి ఉంది. ఇంత చెప్పి దాన్ని దాస్తే మళ్ళీ అదే పని చేసినట్టవుతుంది. ఆమె గుమ్మం దిగి హార్బర్ రోడ్డెక్కేసరికి నాకు ఆకలి వేసింది. సిగ్గు లేకుండా, చిన్నప్పుడు బడి వదలగానే వేసే ఆకలి. నా వెనక ఆమె గుమ్మంలో అలాగే కూర్చుని ఉంటుందని తెలుసు, మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో కూడా నేను అడగలేదు. రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తీసుకున్నాను. నోరు మండుతోంది, కళ్ళు కారుతున్నాయి, బండాయన మంచినీళ్ళు ఇచ్చాడు. ఇంకో పొట్లం అడిగి, కడుపు నిండా తిన్నాను.